చెక్క స్కేలు మీద చూపుడు వేలు

క్వాలిటీ కంట్రోల్‌లో కొత్తగా చేరిన పిల్లలు కొందరు ఈమధ్య మా ఇంటికి వచ్చి, నా ఉద్యోగ అనుభవాలు రాయమన్నారు. వాళ్ళకు పనికొస్తాయట. టీ ఇచ్చి, అడిగినందుకు లోపల్లోపల మురిసిపోయి, పైకి మాత్రం పనికిరావని చెప్పి పంపేశాను. తరవాత కూర్చుని ఆలోచిస్తే ఒక్కటి మాత్రం పనికొస్తుందనిపించింది. ఎవరైనా ఒక అంకె చెప్పి "ఇదీ ఛాన్స్" అంటే, అది అసలు ఛాన్స్ అనిపించుకోదగ్గ అంకేనా కాదా అని చూడటం. నా ఉద్యోగమంతా కలిపి పిండితే వచ్చేది ఇంతే.

ప్రమోషన్ల సంగతి రాయను. వచ్చినవి ఆలస్యంగా వచ్చాయి, రానివి ఎందుకు రాలేదో ఈ కాగితాలు చదివితే మీకే అర్థమవుతుంది.

స్టాటిస్టిక్స్‌లో ఎమ్మెస్సీ చేసి, ఎనభైల మధ్యలో హైదరాబాదు నాచారంలో ఒక స్విచ్చుల ఫ్యాక్టరీలో చేరాను. బేకలైట్ అనే గట్టి ప్లాస్టిక్‌తో చేసిన నల్లటి స్విచ్చులు, ప్లగ్గులు. ఆ రోజుల్లో ఎవరింటి గోడ చూసినా అవే ఉండేవి. ఫ్యాక్టరీ పేరు చెప్పను. అది ఇప్పుడు లేదుగానీ, అందులో పనిచేసినవాళ్ళు ఉన్నారు, ఉప్పల్‌లో మా ఇల్లెక్కడో వాళ్ళకు బాగా తెలుసు.

నూటపది

మా వర్క్స్ మేనేజర్ రామ్మోహనరావు గారిది తెనాలి వైపు. మనసు మంచిది, గొంతు పెద్దది. ఏది అడిగినా ఆయన జవాబు "నూటికి నూటపది పాళ్ళు!" ఆ వారం సరుకు పరీక్షలో పాసవుతుందా అంటే నూటపది. లారీ సాయంత్రానికి వస్తుందా అంటే నూటపది. బాగా హుషారుగా ఉన్న రోజున రెండొందలు. సోమవారం పొద్దున జరిగే మీటింగులో మిగతావాళ్ళు ఆయన్ని చూసి నేర్చుకున్నారు. నూటికి తొంభై అన్నవాడికి పనిమీద శ్రద్ధ లేదని లెక్క.

నేను చేరిన కొత్తలో, నూరు దాటదు సార్ అని మెల్లగా అన్నాను. మీకు నమ్మకం తక్కువమ్మా అన్నారాయన. వాదించి లాభం లేదని తెలిసిపోయింది. అందుకని మరుసటి వారం మా వాడి స్కూలు బ్యాగులోంచి అడుగు స్కేలు ఒకటి తీసుకున్నాను. చెక్కది. దానిమీద అంగుళాలు కనపడకుండా తెల్ల కాగితం అంటించి, ఎడమ కొసన సున్నా, కుడి కొసన ఒకటి వేసి, మధ్యలో పది సమాన భాగాలు గీశాను. మా వాడికి ఆ రోజు స్కూల్లో దెబ్బలు పడ్డాయట. స్కేలు ఎక్కడ పోయిందో తెలియనట్టు నేను కూడా వాడితోపాటు కలిసి వెతికాను.

సోమవారం మీటింగులో స్కేలు బల్లమీద పెట్టి, ఎవరు ఛాన్స్ చెప్పినా నోటితోపాటు వేలు కూడా పెట్టాలన్నాను. ఎప్పుడూ జరగని పని కొసన సున్నా, తప్పకుండా జరిగే పని కొసన ఒకటి, మిగతా లోకమంతా ఆ రెండిటి మధ్య. రామ్మోహనరావు గారు ఉత్సాహంగా ముందుకు జరిగి, నూటపది అంటూ వేలిని స్కేలు మీద కుడివైపుకి నడిపించారు. కొస వచ్చింది. ఆయన ఆగలేదు. వేలు స్కేలు దిగి, బల్లమీద నడిచి, సాసర్లో ఒలికిన టీలో మునిగింది.

అందరూ ముఖాలు కిందికి దించుకున్నారు. మొదట నవ్వింది ఆయనే. ఆయనలో నాకు నచ్చింది అదే. వేలు తుడుచుకుంటూ అడిగారు:

"మరి నాకు నమ్మకం ఇంకా ఎక్కువుంటే ఎలా చూపించాలమ్మా?"

"గొంతు పెంచండి సార్. వేలు మాత్రం స్కేలు మీదే ఉండాలి."

పుస్తకాల్లో దీన్ని సంభావ్యత అంటారు, సున్నాకు ఒకటికి మధ్య ఉండాలంటారు. మీరు పరీక్షలో రాసి మార్కులు తెచ్చుకునే ఉంటారు. ఫ్యాక్టరీలో దాని అర్థం ఇంతే: వంద స్విచ్చుల పెట్టె తెరిస్తే, మహా అయితే వందా బాగుంటాయి. నూట ఒకటో మంచి స్విచ్చు ఆ పెట్టెలోంచి రాదు. మరీ ఖర్మ కాలితే ఒక్కటీ బాగుండదు. ఒక్కటీ బాగుండకపోవడం కంటే అన్యాయం ఆ పెట్టెలో జరగదు.

సగం సగం

స్కేలు దిగిన వేలిని పట్టుకోవడం తేలిక. స్కేలు మీదే ఉండి అబద్ధం చెప్పే వేలు అసలు చిక్కు.

మా క్యాంటీన్ నర్సింహ దీనికి పెద్ద గురువు. ఏది అడిగినా, "అయితె అయితది, లేకుంటె లేదు, సగం సగం" అనేవాడు. ఉప్పల్ బస్సు వస్తుందా, సగం సగం. వాన పడుతుందా, సగం సగం. వేలు సరిగ్గా స్కేలు నడిమధ్యన పెట్టేవాడు. కాదనడానికి ఏముంది, సగం కూడా సున్నాకు ఒకటికి మధ్యదే. అయినా రెండు దారులు ఉన్నంత మాత్రాన రెండిటికీ సమానంగా జనం నడవరు కదా. ఒకరోజు చాయ్ తాగుతూ అడిగాను:

"నర్సింహా, నీ చాయ్‌ల పాలు ఉంటయి, లేకుంటె ఉండవు. ఇది గూడ సగం సగమేనా?"

ఆయన గిన్నెలోకి ఒకసారి తొంగిచూసి, "సగం ఏడున్నయి మేడం, జర తక్కువనే" అన్నాడు. నిజాయితీగల మనిషి.

కాబట్టి పిల్లలూ, అంకె స్కేలు మీద ఉందంటే లోపలికి రానివ్వవచ్చని మాత్రమే అర్థం. కుర్చీ వేసి కూర్చోబెట్టాలా వద్దా అన్నది, అది ఎక్కడినుంచి వచ్చిందో అడిగాక చూసుకోవాలి. స్కేలు మీద లేని అంకెనయితే గుమ్మంలోనే ఆపాలి. గుమ్మంలో ఆపకపోతే ఏమవుతుందో ఎల్లయ్య కథలో చూశాను.

చెప్పులు బయట విడిచే గది

ఎల్లయ్య మా మొదటి ప్రెస్ ఆపరేటరు. చెంగిచెర్ల నుంచి సైకిలు మీద వచ్చేవాడు. అందరికంటే సీనియరు, అందుకే మొదటి ప్రెస్ ఆయనది. ప్రెస్ పని వినడానికి సులువు: బేకలైట్ పొడి తూచి వేడి అచ్చులో పోయాలి, ప్రెస్ దించాలి, ఉడికేదాకా ఆగాలి, తీయాలి. తొందరపడి ముందే తీస్తే స్విచ్చు పచ్చిగా ఉండి తరవాత పగులుతుంది. పొడికి తేమ తగిలినా పగులుతుంది. అచ్చు అరిగినా, చివరికి స్క్రూ మరీ బిగించినా పగులుతుంది.

ఒక వానాకాలం పగుళ్ళు విపరీతంగా పెరిగాయి. దుకాణాల వాళ్ళు పెట్టెలకు పెట్టెలు తిప్పి పంపారు. ఎక్కువ పగుళ్ళు మొదటి ప్రెస్‌వి. తప్పు ఎవరిదో తేల్చమని రామ్మోహనరావు గారు ఆ పనిని నాకు కాకుండా ప్రసాద్‌కి అప్పగించారు.

ప్రసాద్ విజయవాడ కుర్రాడు, కొత్త ఇంజినీరు. తెలివైనవాడు, తన తెలివి మీద తనకు చాలా గౌరవం. అప్పుడే మాకు కంప్యూటర్ వచ్చింది. ఫ్యాక్టరీ మొత్తంలో ఏసీ ఉన్న గది అదొక్కటే. లోపలికి వెళ్ళాలంటే చెప్పులు బయట విడవాలి. దుమ్ము పడకూడదని ఆ నియమం పెట్టారుగానీ, మావాళ్ళకు అలవాటు వేరు. చెప్పులు విడిచి లోపలికి వెళ్ళాక చేతులు వాటంతట అవే కట్టుకునేవి. మాటలు మెల్లగా వచ్చేవి. లోపలినుంచి వచ్చిన కాగితాన్ని కొందరు రెండు చేతులతో అందుకునేవాళ్ళు. అంత భక్తితో అందుకున్న కాగితం మీద ఏది రాసి ఉన్నా తప్పనడానికి ఎవరికీ నోరు రాదు. మా ఫ్యాక్టరీలో జరిగిన పొరపాటు అక్కడే మొదలైంది.

సోమవారం మీటింగులో ప్రసాద్ అంచుకు చిల్లులున్న ఆ పొడుగాటి కాగితం పరిచి చదివాడు. పగిలిన స్విచ్చు ఒకటి చేతికొస్తే, అది దేనివల్ల పగిలి ఉంటుందో చెప్పే ఛాన్సులు. అరిగిన అచ్చు వల్ల సున్నా పాయింట్ మూడు. స్క్రూ బిగింపు వల్ల సున్నా పాయింట్ ఒకటి. ఆపరేటరు తొందర వల్ల సున్నా పాయింట్ ఎనిమిది. స్టోర్ నుంచి వచ్చే పొడి వల్ల మైనస్ సున్నా పాయింట్ రెండు.

నేను విన్నది సరిగ్గానే విన్నానా అని పక్కకు చూశాను. స్టోర్ ఇన్‌ఛార్జి హన్మంతు ముఖం వెలిగిపోతోంది.

"మాది మైనస్ సార్. మా స్టోర్ వల్ల నష్టం లేకపోంగ, ఉల్టా లాభమే వస్తున్నది" అన్నాడు.

రామ్మోహనరావు గారు ఆయన్ని మెచ్చుకున్నారు. నిజంగా, బల్ల చరిచి మెచ్చుకున్నారు. అచ్చుల సెక్షన్ అతను అసూయగా చూశాడు. తనకూ ఒక మైనస్ ఇప్పించమని ప్రసాద్‌ని కళ్ళతో అడుగుతున్నట్టు కనిపించాడు.

నేను స్కేలు ముందుకు జరిపి, మైనస్ రెండు ఎక్కడుందో వేలు పెట్టి చూపించమన్నాను. ప్రసాద్ స్కేలు వైపు చూడలేదు. నాలుగూ కూడండి మేడం, సరిగ్గా ఒకటి వస్తుంది, మొత్తం ఒకటి రావాలని మీరే కదా చెబుతుంటారు అన్నాడు. కూడాను. స్కేలు గీతల్లో చెప్పాలంటే మూడు, ఒకటి, ఎనిమిది కలిస్తే పన్నెండు, రెండు పోతే పది. సరిగ్గా ఒకటి. మొత్తం ఒకటి రావాలి, నిజమే. దాంతోపాటు విడివిడిగా ఒక్కొక్కటీ స్కేలు మీద ఉండాలి. బస్సులో అందరి టిక్కెట్లూ కలిపి లెక్క సరిపోయిందని, బస్సు పక్కన రోడ్డు మీద నడుస్తున్నవాణ్ణి ప్రయాణికుడని అనలేం కదా. ఇదంతా చెప్పేలోపే రామ్మోహనరావు గారు కంప్యూటర్ చెప్పిందమ్మా అని తేల్చేశారు. నెలాఖరుకు ఎల్లయ్యను పనిలోంచి తీసేయాలని నిర్ణయం అయిపోయింది.

నెలాఖరు దాకా నాకు గడువిమ్మని అడిగాను. ఆయన నవ్వి, తీసుకోండి, నూటికి నూటపది ఏమీ మారదు అన్నారు. అప్పుడు మాత్రం నాకు నవ్వు రాలేదు.

ఎక్కువనా, తక్వనా

మీటింగు మాటలు షెడ్డులోకి నాకంటే ముందే వెళ్ళిపోయాయి. నేను వెళ్ళేసరికి ఎల్లయ్య అచ్చు తుడుస్తున్నాడు. చేతులు మణికట్ల దాకా నల్లగా ఉన్నాయి. తలెత్తకుండానే అడిగాడు:

"మేడం, నా పేరు మీద సున్నా పాయింట్ ఎనిమిది వచ్చిందట గదా. గది ఎక్కువనా, తక్వనా?"

మనిషి నోటిదగ్గర కూడు తీసేస్తున్న అంకె ఎంతో కూడా ఆ మనిషికి ఎవరూ చెప్పలేదు. స్కేలు చేతిలోనే ఉంది. ఆయన ముందు పట్టి, ఎనిమిది దగ్గర వేలు పెట్టి చూపించాను. ఇటు కొస అంటే తప్పు అసలే లేదని, అటు కొస అంటే తప్పంతా నీదేనని చెప్పాను. ఆయన చేతిలో గుడ్డ పక్కన పెట్టి చూశాడు.

"గీడి దాక వచ్చిందా" అన్నాడు. తరవాత, "ఈ ప్రెస్ మీదనే పని నేర్సుకున్న మేడం. మాపటికి తొందర పెడితె నా సైకిల్ మీద పెడ్త గని, దీని మీద పెట్టను" అన్నాడు.

నమ్మానా? మీకు నిజం చెప్పాలి. పూర్తిగా నమ్మలేదు. మంచివాళ్ళు కూడా తొందరపడతారు. కానీ ఆ ఎనిమిదిని కూడా నమ్మలేదు. మైనస్ రెండు ఉన్న కాగితం మీది ఎనిమిది అది. సున్నా కంటే తక్కువ ఛాన్స్ వచ్చిందంటే, అది స్విచ్చుల గురించి ఏమీ చెప్పదు. లెక్క చేసినవాడి గురించి చెబుతుంది. ఒకటి కంటే ఎక్కువ వచ్చినా అంతే. అలాంటి అంకె కనపడితే దాని అర్థం ఏమిటా అని తల పట్టుకోవద్దు. నేరుగా వెనక్కి వెళ్ళి, ఎక్కడ తప్పు చేశారో వెతకండి.

అతికినయా?

వెతకడానికి ముందు కొంచెం కసి తీర్చుకోవాలనిపించింది. మరునాడు పొద్దున్నే ట్రే నిండా పగిలిన స్విచ్చులు తీసుకుని స్టోర్‌కు వెళ్ళాను. హన్మంతు బల్లమీద పెట్టాను.

"ఏంది మేడం ఇవి?"

"మీ స్టోర్‌ది మైనస్ గద హన్మంతన్నా. మీ వల్ల స్విచ్చులు పగలవు సరే, మైనస్ అంటే పగిలినయి అతుక్కోవాలె. ఇవి ఈడ పెడ్తున్న. అతికితె చెప్పు."

ఆయన కాసేపు ట్రే వైపు, కాసేపు నావైపు చూశాడు. తిట్టానా పొగిడానా అన్నది తేల్చుకోలేకపోయాడు. ఆ రోజు నుంచి నేను హాజరు కార్డు పంచ్ చేసి సరాసరి స్టోర్‌కు వెళ్ళి, గుమ్మంలోంచే "అతికినయా?" అని అడిగేదాన్ని. ఇంకా లేదు మేడం అనేవాడు మొదట్లో, సీరియస్‌గా. తరవాత నన్ను చూస్తే రాక్‌ల వెనక్కి వెళ్ళిపోయేవాడు. స్టోర్‌లో హమాలీలు కూడా ఒకరినొకరు అతికినయా అని పలకరించుకోవడం మొదలుపెట్టారు.

ఆ గుమ్మంలో పొద్దున్నే నిలబడటం వల్లనే ఒక సంగతి కంటపడింది. బేకలైట్ పొడి ఇనప డ్రమ్ముల్లో వస్తుంది. మూతకు ఒక రింగు ఉంటుంది, అది మళ్ళీ బిగించాలంటే సుత్తితో కొట్టాలి. కొట్టే ఓపిక లేక, సాయంత్రం మిగిలిపోయిన డ్రమ్మును మూత తీసే వదిలేసేవాళ్ళు. వానాకాలం గాలి అంతా దానిలోకే. పొద్దున మొట్టమొదట దొర్లించేది ఆ డ్రమ్మునే. అది ఎక్కడికి పోతుందో చూద్దామని వెంట నడిచాను. నేరుగా ఎల్లయ్య ప్రెస్ దగ్గరికి వెళ్ళింది.

ఎందుకంటే అది మొదటి ప్రెస్. దసరాకు ఆయుధపూజలో గుమ్మడికాయ కొట్టేది దాని ముందే. స్టోర్ తెరిచాక మొదటి డ్రమ్ము దానికే ఇవ్వాలి. ఇంకో ప్రెస్‌కు ముందు పోతే సీనియర్‌ని అవమానించినట్టు. ఏళ్ళ తరబడి వస్తున్న మర్యాద అది. ఆ మర్యాదతోనే ఫ్యాక్టరీలో ఉన్న తడి పొడినంతా వెతికి వెతికి ఎల్లయ్యకు వడ్డిస్తున్నారు.

హన్మంతును పిలిచి, ఇది ఎప్పటినుంచి అని అడిగాను. మొదటి డ్రమ్ము పెద్దమనిషికే పోవాలె గద మేడం అన్నాడు, గర్వంగా.

ముందు ఏది, వెనక ఏది

చెప్పులు విడిచి కంప్యూటర్ గదిలోకి వెళ్ళాను. చేతులు మాత్రం కట్టుకోలేదు. స్టోర్ అంకె ఎలా తీశావో చూపించమని ప్రసాద్‌ని అడిగాను. ముందురోజు తెరిచిన డ్రమ్ముల పొడితో పగిలినవి ఎన్ని పాళ్ళో, అప్పుడే మూత తీసిన కొత్త డ్రమ్ములతో ఎన్ని పాళ్ళో లెక్కగట్టి, ఒకదాంట్లోంచి ఒకటి తీసేశానన్నాడు. మంచి ఆలోచనే. దేంట్లోంచి దేన్ని తీశావన్నాను.

అతను స్క్రీన్ మీద వెతుక్కున్నాడు. కొత్త డ్రమ్ము పగుళ్ళలోంచి తెరిచిన డ్రమ్ము పగుళ్ళు తీసేశాడు. తిరగేసి తీశాడన్నమాట. ఎక్కువదాన్ని తక్కువలోంచి తీస్తే మైనస్ రాక ఏం వస్తుంది? నా ముందే అటూ ఇటూ మార్చాడు. మైనస్ రెండు పోయి మామూలు రెండు వచ్చింది. కుర్రాడి చెవులు ఏసీ గదిలో ఎర్రబడ్డాయి.

"మరి ఆపరేటర్ ఎనిమిది ఎలా వచ్చింది?" అన్నాను.

అది తాను కొలవలేదన్నాడు. ఆపరేటరు తొందరను కొలవడం కష్టం కనక, మిగతా మూడూ పోగా మిగిలింది ఆయనకు వేశాడట. ఒకటిలోంచి మైనస్‌ను తీసేస్తే పెరుగుతుంది. స్టోర్‌కు దక్కిన ఆ కీర్తి అంతా పాపంగా మారి ఎల్లయ్య ఖాతాలో పడింది.

పిల్లలూ, ఇక్కడ ఒక్క క్షణం ఆగండి. ఏ ఫ్యాక్టరీలోనైనా, ఏ ఆఫీసులోనైనా, లెక్కలో మిగిలిపోయిందంతా ఎవరి పేరున వేస్తారో గమనించండి. ఆ మీటింగులో లేనివాడి పేరున వేస్తారు. మా మీటింగులో స్టోర్‌కు మనిషి ఉన్నాడు, అచ్చులకు ఉన్నాడు, బిగింపుకు ఉన్నాడు. ఎల్లయ్య తరఫున ఎవరూ లేరు. ప్రసాద్ దుర్మార్గుడు కాడు, అతనికి అది తట్టనే లేదు. తట్టకపోవడానికే నాకు ఎక్కువ భయం వేసింది.

సవరిస్తే ఎల్లయ్యకు నాలుగు మిగిలింది. ప్రసాద్ సంతోషపడ్డాడు, సగానికి తగ్గింది కదా మేడం అని. నాలుగు స్కేలు మీద చక్కగా కూర్చునే అంకె. కానీ అది కూడా కొలవని అంకే, మిగిలిపోయిన అంకే. కొలుద్దామన్నాను. ఇద్దరం కలిసి హన్మంతు దగ్గరికి వెళ్ళి, నెలాఖరు దాకా ఎల్లయ్యకు ప్రతి పొద్దునా కొత్త డ్రమ్ము, రాత్రి మూత తీసి ఉన్నది పక్క ప్రెస్‌కు ఇవ్వాలన్నాం.

హన్మంతు ఒప్పుకోలేదు. పెద్దమనిషికి మొదటి డ్రమ్ము ఇవ్వకపోతే ఎట్ల అని గొడవ. ఎల్లయ్యకు కూడా మొదట మనసొప్పలేదు. పరువు పోతుందన్నాడు. ఉద్యోగం పోతుంటే పరువు ఏం చేసుకుంటావని నేను కసిరితే ఊరుకున్నాడు.

పగుళ్ళు డ్రమ్ము వెంట నడిచాయి. తెరిచిన డ్రమ్ము ఎవరి ప్రెస్‌కు పోతే వాళ్ళ స్విచ్చులు పగిలాయి. ఎల్లయ్య స్విచ్చులు నల్లగా, నున్నగా, ఒక్క గీత లేకుండా వచ్చాయి. పక్క ప్రెస్ కుర్రాడు తనను కూడా పనిలోంచి తీసేస్తారేమోనని బెంబేలెత్తిపోతే, వాడికి బిస్కెట్లు కొనిపెట్టి కూర్చోబెట్టాల్సి వచ్చింది. సంగతి తేలాక రోజూ సాయంత్రం వేళ స్టోర్‌లో మూతలు బిగించే సుత్తి చప్పుడు వినిపించేది. నేను ట్రే వెనక్కి తెచ్చేసుకున్నాను. ఒక్కటీ అతకలేదని హన్మంతు తనే ఒప్పుకున్నాడు.

గోరంత జాగా

ఆ నెల చివరి మీటింగుకు ఎల్లయ్యను కూడా పిలవాలని పట్టుబట్టాను. ఆపరేటరు ఆ గదిలో కూర్చోవడం అదే మొదటిసారి. కుర్చీ అంచున కూర్చున్నాడు. ప్రసాద్ లేచి, తన లెక్క తప్పని అందరి ముందూ చెప్పాడు. కుర్రాడి మీద నాకు ఆ రోజు గౌరవం కలిగింది. తరవాత్తరవాత ఎవరు ఏ అంకె చెప్పినా, వేలు పెట్టండి అనేవాడు అతనే.

రామ్మోహనరావు గారు గొంతు సవరించుకుని, ఎల్లయ్య తన ప్రెస్ మీదే ఉంటాడన్నారు. స్కేలు తనే తీసి నా ముందు పెట్టారు. "అయితే ఎల్లయ్య తప్పు సున్నా. పెట్టండమ్మా వేలు, అందరూ చూస్తారు."

వేలు పెట్టాను. సున్నా మీద కాదు. సున్నాకు పక్కన, ఒక గోరు పట్టేంత జాగా వదిలి పెట్టాను.

ఇంత చేసి చివర్లో పిసినారితనమా అని ఆయన నవ్వారు. ఎల్లయ్య నవ్వలేదు. బయటికి వచ్చాక నా వెంట నడిచి, మొదటిసారి మేడం అనకుండా పిలిచాడు.

"చెల్లె, జర గా కొసకు పెడితె నీ వేలు అరుగుతుండెనా?"

"అన్నా, సున్నా అంటే ఎన్నడూ కానిది. నువ్వు రోజూ ప్రెస్ ముంగట నిలబడేటోనివి. ఇయ్యాల సున్నా అని చెప్పిననుకో, రేపు నీ చేతుల ఒక్కటి పగిలినా నా మాట అబద్ధమైతది, మల్ల నిన్ను పట్టుకుంటరు. గోరంత పెట్టిన గాబట్టి, ఒకటి పగిలినా నేను నీ దిక్కు మాట్లాడొచ్చు."

ఆయన ఒప్పుకున్నట్టే తల ఊపాడుగానీ, మనసులో పెట్టుకున్నాడు. ఆ తరవాత ఎప్పుడు నా టేబుల్ పక్కగా పోయినా ఆగి, స్కేలు మీద ఆ గోరంత జాగాలో వేలు పెట్టి, "ఇయ్యాల గూడ గీడనేనా చెల్లె?" అనేవాడు. గీడనే అన్నా అనేదాన్ని. పొడి అంటిన చేతులతో ముట్టుకోవద్దని ఎన్నిసార్లు చెప్పినా వినలేదు. ఏళ్ళపాటు ఇదే ఆట.

తొంభైల్లో ఆయన రిటైరయ్యాడు. షెడ్డులో దండ వేసి, లడ్డూలు పంచారు. రామ్మోహనరావు గారు ఎల్లయ్య లాంటి ఆపరేటరు మళ్ళీ దొరకడని నూటికి నూటపది పాళ్ళు చెప్పారు. నేను ఆ పూటకు వదిలేశాను. సాయంత్రం దండతోనే నా టేబుల్ దగ్గరికి వచ్చాడు ఎల్లయ్య. అలవాటుగా వేలు గోరంత జాగాలో పెట్టాడు. ఆయన్ని సంతోషపెట్టాలనుకున్నాను. ఆయన వేలు పట్టుకుని, జరిపి, సరిగ్గా సున్నా మీద పెట్టాను.

"రేపటి సంది నీ చేతుల స్విచ్చు పగిలే ఛాన్స్ సున్నా అన్నా. ఎన్నడో అడిగినవు గద."

నవ్వుతాడనుకున్నాను. ఆయన ఆ కొస మీద ఉన్న తన వేలిని చూసుకున్నాడు. షెడ్డులోంచి మొదటి ప్రెస్ చప్పుడు వినిపిస్తోంది, దానిమీద అప్పటికే ఇంకెవరో ఉన్నారు.

"సున్నా అంటె గిదా" అన్నాడు. వేలిని మెల్లగా పాత చోటికి జరుపుకున్నాడు. "నాకు గీడనే మంచిగుండె చెల్లె."

ఆయనకు ఏడుపొచ్చిందో లేదో తెలియదుగానీ, నాకు మాత్రం వచ్చింది.

నేను రిటైరైనప్పుడు ఆ స్కేలు ఇంటికి తెచ్చుకున్నాను. మొన్న వచ్చిన పిల్లలు అదేమిటని అడిగితే, ఎక్కడ కావాలంటే అక్కడ వేలు పెట్టుకోండి, కొసలు దాటొద్దని చెప్పాను. సున్నా పక్కన కాగితం మీద నల్లటి వేలిముద్ర ఒకటుంది, బేకలైట్ పొడిది. దాన్ని మాత్రం తుడవొద్దని ఇంట్లో అందరికీ చెప్పి ఉంచాను.